ఉన్నట్టుండి తల గిర్రున తిరిగితే చెవి జబ్బా, పక్షవాతమా? కళ్ళు చూసి తేల్చుకునే పద్ధతి

"కళ్ళు తిరుగుతున్నాయి సార్" అంటూ క్యాజువాల్టీకి వచ్చే పేషెంటంటే డ్యూటీ డాక్టర్లలో చాలామందికి విసుగు. నీరసమా, షుగర్ పడిపోయిందా, బీపీనా, టెన్షనా, ఏదైనా కావచ్చు. ఇంట్లోవాళ్ళు అప్పటికే పైత్యం అని తేల్చేసి, నిమ్మరసం తాగించి మరీ తీసుకొస్తారు. మనం ఒక స్టెమెటిల్ ఇంజెక్షన్, ఒక సెలైన్, వారానికి సరిపడా వర్టిన్ మాత్రలు రాస్తాం. మెడకు ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు అరిగినట్టు కనబడుతుంది. నడివయసు దాటిన వాళ్ళలో చాలామందికి అలాగే కనబడుతుంది. దాంతో "మెడ అరుగుదల" అన్న ముద్ర పడిపోయి పేషెంటు ఇంటికి వెళ్ళిపోతాడు. ఎక్కువమందికి తగ్గిపోతుంది కూడా. అందుకే ఈ అలవాటు ఇన్నేళ్ళుగా నడుస్తోంది.

తగ్గనివాళ్ళలో కొందరికి ఉన్నది చిన్నమెదడులోనో, బ్రెయిన్‌స్టెమ్‌లోనో (మెదడును వెన్నుపాముతో కలిపే కాండం) పక్షవాతం. పక్షవాతం అనగానే మూతి వంకర, చెయ్యీ కాలూ పడిపోవడం, మాట ముద్దగా రావడం గుర్తొస్తాయి. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతే వీటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. తల తిరగడం, వాంతులు, తూలు, అంతే. పక్షవాతం తీవ్రతను కొలిచే ఎన్ఐహెచ్ స్కోరు ఇలాంటివాళ్ళలో సున్నా వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ స్కోరులో నడకకు మార్కులే లేవు.

వీళ్ళను పట్టుకోవడానికి మంచం పక్కనే, ఏ మిషనూ లేకుండా, నాలుగైదు నిమిషాల్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పేరు హింట్స్. హెడ్ ఇంపల్స్ (తల విదిలించి చూడటం), నిస్టాగ్మస్ (కళ్ళు వాటంతటవే కొట్టుకోవడం), టెస్ట్ ఆఫ్ స్క్యూ (రెండు కళ్ళూ ఒకే మట్టంలో ఉన్నాయా చూడటం) అన్న మూడు కంటి పరీక్షల ఇంగ్లీషు పేర్ల నుంచి ఆ మాట కూర్చారు. హౌస్ సర్జన్లు, పీజీలు, ఏరియా ఆస్పత్రుల్లో ఒంటరిగా డ్యూటీ చేసే డాక్టర్లు, ఎమర్జెన్సీ నర్సుల కోసం దీన్ని అంచెలంచెలుగా రాస్తున్నాను. పేషెంటు తరఫువాళ్ళకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి. తల విదిలించే పరీక్షను మాత్రం చదివేసి ఇంట్లో ఎవరిమీదా ప్రయత్నించకండి.

ఈ పద్ధతికి అంత పేరెందుకు

హెడ్ ఇంపల్స్ పరీక్షను 1988లో సిడ్నీకి చెందిన హల్మాగీ, కర్థోయిస్ ప్రచురించారు. అప్పట్లో అది లోపలి చెవి పనితనం చూసే పరీక్ష. దాన్ని పక్షవాతం వేటకు వాడుకోవచ్చని గట్టిగా చూపింది 2009లో స్ట్రోక్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన. అమెరికాలోని పియోరియా నగరంలో హోర్హే కట్టా, జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డేవిడ్ న్యూమన్-టోకర్, వాళ్ళ సహచరులు 101 మందిని పరీక్షించారు. అందరికీ ఆగకుండా తల తిరుగుతోంది. అందరికీ పక్షవాతం వచ్చే ముప్పును పెంచే కారణం కనీసం ఒకటుంది. వాళ్ళలో 76 మందికి జబ్బు మెదడులోనే ఉందని తేలింది. మూడు కంటి పరీక్షలూ కలిపి చూస్తే పక్షవాతం ఉన్నవాళ్ళలో ఒక్కరూ తప్పిపోలేదు. అదే సమయంలో, మొదట తీసిన ఎంఆర్‌ఐ పక్షవాతం ఉన్నవాళ్ళలో 12 శాతం మందికి ఏమీ లేదని చెప్పింది. ఆ తప్పిపోయిన స్కాన్లన్నీ మొదటి 48 గంటల్లో తీసినవే.

కోట్ల రూపాయల మిషను పట్టలేనిది రెండు చేతులూ రెండు కళ్ళూ పట్టాయని ఈ ఫలితం ప్రపంచమంతా పాకింది. అయితే ఆ చేతులు ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్న నిపుణులవి. తర్వాత మామూలు ఎమర్జెన్సీ డాక్టర్లు శిక్షణ లేకుండా చేసినప్పుడు ఫలితాలు అంత బాగా రాలేదు. 2023లో అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం ఒకటి గ్రేస్-3 పేరుతో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ఈ పరీక్షను శిక్షణ పొందినవాళ్ళు చేస్తేనే నమ్మమంటున్నాయి. నా ఉద్దేశంలో పొరపాట్లకు అసలు మూలం చెయ్యి తిరగకపోవడం కాదు, పరీక్షను చేయకూడని పేషెంటుకు చేయడం. అందుకే మొదటి అంచె మీద ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి అంచె: ఈ పేషెంటుకు ఈ పరీక్ష చేయొచ్చా?

"ఎలా తిరుగుతోంది? గది తిరుగుతున్నట్టా, ఒళ్ళు తేలిపోతున్నట్టా, కళ్ళు బైర్లు కమ్మినట్టా?" అని అడగడం మనకు కాలేజీలో నేర్పిన పద్ధతి. దానితో పెద్దగా లాభం లేదు. ఐదు నిమిషాలాగి మళ్ళీ అడిగితే అదే పేషెంటు ఇంకోలా చెబుతాడు. ఎప్పుడు మొదలైంది, ఆగుతోందా ఆగట్లేదా, ఏం చేస్తే వస్తోంది అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు మాత్రం నికరంగా ఉంటాయి. ఆ జవాబులను బట్టి పేషెంట్లు మూడు దారుల్లో పడతారు.

మంచం మీద పక్కకు తిరిగినప్పుడో, పైనున్న అల్మారా వైపు తలెత్తినప్పుడో గిర్రున తిరిగి, నిమిషం లోపు ఆగిపోయి, కదలకుండా పడుకుంటే ఏమీ లేకపోతే అది చాలావరకు బీపీపీవీ, అంటే లోపలి చెవిలో కాల్షియం రేణువులు చోటు తప్పడం. వీళ్ళకు హింట్స్ వద్దు. తల ఒకవైపు తిప్పి చటుక్కున వెనక్కి పడుకోబెట్టి చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేసి, పాజిటివ్ అయితే ఎప్లీ పద్ధతిలో తల తిప్పి రేణువులను వాటి చోటుకు పంపితే సరి. కొందరు "కదిలితే ఎక్కువవుతోంది" అంటారు. దాన్ని "కదిలితేనే వస్తోంది" అని రాసుకుంటే కొంప మునిగినట్టే. పక్షవాతం ఉన్నవాళ్ళకూ కదిలితే తిప్పడం ఎక్కువవుతుంది. తల ఆన్చి, కదలకుండా రెండు నిమిషాలు పడుకోబెట్టి "ఇప్పుడు పూర్తిగా ఆగిందా?" అని అడగండి.

పది నిమిషాలో గంటో తిరిగి, దానంతటదే తగ్గిపోయి, ఇప్పుడు మామూలుగా ఉన్నవాళ్ళది రెండో దారి. మైగ్రేన్ కావచ్చు, లోపలి చెవికి వచ్చే మెనియర్ జబ్బు కావచ్చు, రాబోయే పక్షవాతానికి ముందు వచ్చే టీఐఏ కావచ్చు. తిప్పడం ఆగిపోయాక కంటి పరీక్ష ఏమీ చెప్పలేదు. వీళ్ళ విషయంలో వయసు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు, గుండె లయ, మెడ రక్తనాళాల స్కాన్ చూసి నిర్ణయించుకోవాలి.

మూడో దారి మనకు కావలసింది. గంటల తరబడి, రోజుల తరబడి ఆగకుండా తిప్పుతూనే ఉంటుంది. వాంతులు, తూలు, తల కదిపితే భరించలేకపోవడం. వీటికి తోడు కళ్ళలో నిస్టాగ్మస్ ఉంటుంది. మనం పరీక్షించే సమయానికి కూడా తిప్పుతూ ఉండాలి, నిస్టాగ్మస్ కూడా కనబడాలి. అప్పుడే హింట్స్ చెల్లుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ పరీక్షలో అన్నిటికంటే భయపెట్టే ఫలితం "హెడ్ ఇంపల్స్ నార్మల్" అన్నది. ఆరోగ్యంగా ఉన్న మీకూ నాకూ అది నార్మలే. నీరసంతో వచ్చిన ముసలావిడకూ నార్మలే. నిస్టాగ్మస్ లేనివాళ్ళకు ఈ పరీక్ష చేసి, నార్మల్ వచ్చింది కాబట్టి పక్షవాతం అని రాయడం మొదలుపెడితే ఊళ్ళో సగం మందిని ఎంఆర్‌ఐకి పంపాలి. దానికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ప్రమాదం. ఆగకుండా తిప్పుతున్న పేషెంటుకు చేసి, "నార్మల్‌గా ఉంది, భయం లేదు" అని ఇంటికి పంపడం. వైద్యంలో మిగతాచోట్లన్నీ నార్మల్ అంటే ఊరట కాబట్టి చెయ్యి అలవాటుగా అలాగే రాసేస్తుంది.

రెండో అంచె: ఇంజెక్షన్‌కు ముందు కళ్ళు చూడండి

పేషెంటు బేసిన్ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. వెంటనే ఇంజెక్షన్ ఇచ్చి శాంతపరచాలనిపిస్తుంది. వీలైతే రెండు నిమిషాలు ఆగి ముందు కళ్ళు తెరిపించి చూడండి. మత్తు కలిగించే మందులు నిస్టాగ్మస్‌ను తగ్గించవచ్చు. వాంతులు మరీ ఎక్కువగా ఉంటే మందు ఇవ్వండి, కానీ కేస్‌షీట్‌లో పరీక్ష మందుకు ముందు చేశారా, తర్వాత చేశారా అన్నది రాయండి.

ఈలోపు నర్సు వేలికొన షుగర్, బీపీ, ఈసీజీ చూడొచ్చు. ఫిట్స్‌కు ఫెనిటోయిన్ మాత్రలు వేసుకుంటున్నాడా, మద్యం అలవాటుందా అన్నవి కూడా ఇప్పుడే అడగాలి. ఫెనిటోయిన్ మోతాదు ఎక్కువైనా కళ్ళు రెండువైపులా కొట్టుకుంటాయి. బాగా తాగేవాళ్ళలో థయమిన్ లోపం వల్ల వచ్చే వెర్నికీ జబ్బు కూడా ఇలాగే తూలుతో, కంటి కదలికల తేడాతో మొదలవుతుంది. అనుమానం ఉంటే గ్లూకోజు ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వాలి.

మూడో అంచె: నిస్టాగ్మస్ ఏ దిక్కుకు కొడుతోంది?

పేరులో హెడ్ ఇంపల్స్ ముందున్నా, చేతితో ముట్టుకోకుండా చేసే ఈ పరీక్షతో మొదలుపెట్టడం మేలు. నిస్టాగ్మస్ లేకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు కూడా.

వెలుతురు బాగా ఉన్నచోట పేషెంటును తిన్నగా ముందుకు చూడమనండి. కనుగుడ్డు మీది ఎర్రటి సన్న రక్తనాళం ఒకటి ఎంచుకుని దాన్నే చూస్తే కదలిక తేలిగ్గా తెలుస్తుంది. నెమ్మదిగా ఒకవైపు జారి, టక్కున వెనక్కి కొట్టుకుంటుంది. మళ్ళీ జారుతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది. టక్కున కొట్టుకునే వైపే నిస్టాగ్మస్ దిక్కు.

తర్వాత మీ వేలు చూపిస్తూ కుడికి, ఎడమకు, పైకి, కిందకు చూడమనండి. ఒక్కో వైపు ఐదారు సెకన్లు ఆపండి. చూపు మరీ అంచుకు పోనీయకండి. కళ్ళు పూర్తిగా మూలకు వెళ్తే ఏ జబ్బూ లేనివాళ్ళకూ రెండు మూడుసార్లు కొట్టుకుంటాయి. ముప్పై డిగ్రీల లోపు చాలు.

చెవి జబ్బు అయితే దిక్కు మారదు. ఉదాహరణకు కుడి చెవి నరం దెబ్బతింటే కళ్ళు ఎడమకు కొడతాయి. ఎడమకు చూసినప్పుడు జోరుగా, కుడికి చూసినప్పుడు నెమ్మదిగా, కానీ ఎటు చూసినా ఎడమకే. అడ్డంగా కొట్టుకుంటూనే కొంచెం చక్రంలా తిరిగినట్టు కూడా ఉంటుంది. కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు కొట్టిందంటే మెదడుదే. నిట్టనిలువుగా పైకి గానీ కిందకు గానీ కొట్టినా, అడ్డం కదలిక లేకుండా ఉత్త చక్రంలా తిరిగినా మెదడుదే.

ఒక చిక్కుంది. దిక్కు మారితే పక్షవాతం అనుకోవచ్చు గానీ, దిక్కు మారలేదు కాబట్టి పక్షవాతం కాదు అనుకోవడానికి లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో సగానికి పైగా మందిలో నిస్టాగ్మస్ అచ్చం చెవి జబ్బులోలాగే ఒకే దిక్కుకు కొడుతుంది.

చెవి జబ్బు నిస్టాగ్మస్ చూపు ఒకచోట నిలిపితే అణిగిపోతుంది. మొదలై ఒకటి రెండు రోజులైతే మామూలు వెలుతురులో కనబడకపోవచ్చు. చూపును నిలవనీయని ఫ్రెంజెల్ కళ్ళద్దాలు ఉంటే సరే సరి. లేకపోతే ఒక తెల్లకాగితం పేషెంటు కళ్ళకు దగ్గరగా, ముఖమంతా కప్పేలా పట్టుకుని, పక్కనుంచి తొంగి చూడండి. నిలపడానికి చూపుకు ఏమీ దొరకదు కాబట్టి దాక్కున్న నిస్టాగ్మస్ బయటపడుతుంది.

నాలుగో అంచె: హెడ్ ఇంపల్స్

గతుకుల రోడ్డు మీద బండి నడుపుతూ కూడా ముందు వెళ్తున్న బస్సు మీది ఊరి పేరు చదవగలుగుతున్నామంటే లోపలి చెవి పుణ్యమే. తల ఎటు కదిలితే దానికి ఎదురు దిక్కుకు, అంతే వేగంతో కళ్ళను తిప్పే ఏర్పాటు అది. చెవి నుంచి బ్రెయిన్‌స్టెమ్‌కు, అక్కణ్ణుంచి కంటి కండరాలకు సందేశం పది మిల్లీసెకన్ల లోపే చేరుతుంది. ఈ దారి చిన్నమెదడు మీదుగా పోదు. అందుకే చిన్నమెదడులో పక్షవాతం వచ్చి మనిషి లేవలేని స్థితిలో ఉన్నా, తల విదిలిస్తే చూపు చెక్కుచెదరదు. చెవి నరం చెడితే మాత్రం చూపు జారిపోతుంది. ఈ పరీక్ష గుట్టంతా ఇంతే.

ముందు ఎవరికి చేయకూడదో చూసుకోండి. మెడకు దెబ్బ తగిలినవాళ్ళు, కీళ్ళవాతంతో మెడ ఎముకలు వదులైనవాళ్ళు, తల తిరగడంతోపాటు కొత్తగా మెడనొప్పి పట్టుకున్నవాళ్ళు. ఈ చివరివాళ్ళలో మెడలోని వెర్టిబ్రల్ ధమని పొర చీలి ఉండొచ్చు. అసలు ఆ నొప్పే పక్షవాతాన్ని అనుమానించడానికి చాలు.

మిగతావాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళద్దాలు తీసేయించి, మీరు ఎదురుగా చేతికందే దూరంలో నిలబడండి. "నా ముక్కు మీదే చూపు పెట్టండి, నేను తల ఎటు తిప్పినా ముక్కునే చూడండి, మెడ వదులుగా వదిలేయండి" అని చెప్పండి. రెండు అరచేతులతో తలను దవడల దగ్గర నుంచి పైదాకా గట్టిగా పట్టుకోండి. మొదట మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మెడ బిగిస్తున్నాడో వదులుతున్నాడో చేతికి తెలుస్తుంది. వదిలాడనిపించాక తలను ఒకవైపు సుమారు ఇరవై డిగ్రీలు తిప్పి ఉంచి, ఉన్నట్టుండి టక్కున మధ్యకు తెచ్చి ఆపండి. బయటి నుంచి మధ్యకు తెస్తే మెడకూ మంచిది, చూడటానికీ తేలిక.

దూరం కాదు, వేగం ముఖ్యం. ఇరవై డిగ్రీలే, కానీ విదిలింపులా ఉండాలి. మెల్లగా తిప్పితే చెవి చెడినవాళ్ళు కూడా మిగతా కంటి కదలికలతో సర్దుకుని ముక్కునే చూడగలరు, మీకు తప్పుడు నార్మల్ వస్తుంది. ఎటు తిప్పబోతున్నారో పేషెంటుకు ముందే తెలియకూడదు కాబట్టి కుడి, ఎడమ వరస మారుస్తూ, మధ్యలో ఆగుతూ ఒక్కో వైపు కొన్నిసార్లు చేయండి.

తల ఆగిన క్షణాన కళ్ళెక్కడ ఉన్నాయో అదే చూడాలి. చెవి దారి బాగుంటే కళ్ళు మీ ముక్కును వదలనే వదలవు. చెడితే కళ్ళు తలతోపాటే జారిపోయి, తల ఆగిన అరక్షణానికి టక్కున వెనక్కి గెంతి ముక్కు మీదకు వస్తాయి. ఆ గెంతు చిన్నదే, కానీ ఒకసారి కంటపడితే మళ్ళీ మరిచిపోరు. ఇందాకటి కుడి చెవి ఉదాహరణలో తలను కుడికి విదిలించినప్పుడు కళ్ళు కుడికి జారి, ఎడమకు గెంతుతాయి. ఎడమకు విదిలిస్తే ఏ గెంతూ ఉండదు.

చెవి జబ్బు అని చెప్పాలంటే గెంతు ఒకవైపే ఉండాలి, అది నిస్టాగ్మస్ కొట్టే దిక్కుకు ఎదురువైపు విదిలింపులో రావాలి. కళ్ళు ఎడమకు కొడుతూ, గెంతు కూడా ఎడమ విదిలింపులోనే వస్తే లెక్క కుదరలేదన్నమాట. రెండువైపులా గెంతు వచ్చినా అనుమానించాల్సిందే. లెక్క కుదరని ప్రతి కేసునూ మెదడు జబ్బుగానే చూడండి.

ఫోన్ కెమెరా ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంకొకరు స్లో మోషన్‌లో కళ్ళను దగ్గరగా తీస్తే, కంటికి అందని గెంతు కూడా వీడియోలో దొరుకుతుంది. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో దీన్ని కొలిచే వీడియో గాగుల్స్ ఉన్నాయి. అవి లేవని పరీక్షే మానుకోనక్కర్లేదు.

ఐదో అంచె: స్క్యూ

మూడింటిలో సులువైనది, తొందరలో ఎక్కువగా వదిలేసేదీ ఇదే. పేషెంటు మీ ముక్కును చూస్తూ ఉండగా ఒక కన్ను అరచేత్తో మూయండి. రెండు సెకన్లాగి, చెయ్యిని చటుక్కున రెండో కంటి మీదకు మార్చండి. అలా అటూ ఇటూ మారుస్తూ, అప్పుడే తెరుచుకున్న కంటినే గమనించండి. అది పైనుంచి కిందకో, కిందనుంచి పైకో సర్దుకుంటే స్క్యూ ఉన్నట్టు. రెండు కళ్ళను ఒకే మట్టంలో ఉంచే దారి బ్రెయిన్‌స్టెమ్‌లో దెబ్బతిందని దానర్థం.

అడ్డంగా సర్దుకుంటే పట్టించుకోకండి, అది చాలామందికి పుట్టుకతో ఉండేదే. చిన్నప్పటి మెల్లకన్ను ఉందేమో అడగండి.

2009 పరిశోధనలో స్క్యూ కనబడింది 17 శాతం మందిలోనే. అందుకని లేదంటే ఏమీ తేలదు. కానీ ఉంటే దాని మాట గట్టిది. హెడ్ ఇంపల్స్ చూసి చెవి జబ్బని పొరబడేలా చేసిన మూడు పక్షవాతం కేసుల్లో రెంటిని స్క్యూయే పట్టించింది.

ఆరో అంచె: వినికిడి, కూర్చోవడం, నడవడం

వినికిడిని కలిపితే దాన్ని హింట్స్ ప్లస్ అంటారు. చెవి దగ్గర వేళ్ళు రుద్ది, రెండువైపులా ఒకేలా వినబడుతోందా అడగండి. ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటే బాగా వినబడుతోందని అడిగినా సరే. కొత్తగా ఒక చెవి వినబడకుండా పోతే చెవి జబ్బే కదా అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. లోపలి చెవికి రక్తం ఇచ్చేది సన్నటి ఒకే ధమని, అది మెదడుకు వెళ్ళే ఏఐసీఏ అనే నాళం నుంచే ఎక్కువగా చీలుతుంది. ఆ నాళం మూసుకుపోతే చెవీ చెడుతుంది, మెదడూ చెడుతుంది. హెడ్ ఇంపల్స్‌లో గెంతు వస్తుంది, అచ్చం చెవి జబ్బులాగే కనబడుతుంది. కాబట్టి బీపీ, షుగర్ ఉన్న పెద్దవయసు మనిషికి తల తిరగడంతోపాటు ఒక చెవి పోతే పక్షవాతం కాదని తేలేదాకా పక్షవాతమే అనుకోవాలి. చెవి తొనలో నీటి పొక్కులున్నాయేమో కూడా చూడండి. ఉంటే అది రామ్సే హంట్ అనే హెర్పిస్ జబ్బు కావచ్చు.

తర్వాత మంచం మీద కాళ్ళు కిందకు వేయించి, చేతులు ముడుచుకుని ఆసరా లేకుండా కూర్చోమనండి. చెవి నరం దెబ్బతిన్నవాళ్ళు ఒకవైపు వాలుతూనే అయినా కూర్చోగలరు, చెయ్యి పట్టుకుంటే నడవగలరు. పట్టుకోకుండా కూర్చోనే లేకపోతే, నిలబెడితే కూలబడిపోతే, మిగతావన్నీ చెవి వైపు చూపించినా నేను మాత్రం ఇంటికి పంపను. వాంతులు అవుతున్నాయని చాలామందిని పడుకోబెట్టే పరీక్షించి, వీల్‌చైర్‌లోనే కారు దాకా పంపేస్తారు. నడిపించి చూడకుండా ఎవరినీ డిశ్చార్జి చేయకూడదు. ఇది శిక్షణ అక్కర్లేని పరీక్ష, నర్సు చేయొచ్చు, వార్డ్‌బాయ్ సాయంతో చేయొచ్చు.

ఇవన్నీ చేస్తూనే మాట ముద్దగా వస్తోందా, మింగుడు పడుతోందా, గొంతు బొంగురుపోయిందా, ఆగని ఎక్కిళ్ళున్నాయా, ఒక రెప్ప వాలి ఆ కంటిపాప చిన్నదయ్యిందా, ముఖంలో ఒకవైపు తిమ్మిరుందా, ఒకటి రెండుగా కనబడుతోందా చూసుకోండి. ఒక్కటున్నా చాలు, కంటి పరీక్ష ఫలితంతో పనిలేదు.

లెక్క కూడటం

చెవి జబ్బని ధైర్యంగా చెప్పాలంటే అన్నీ కలిసి రావాలి. నిస్టాగ్మస్ ఒకే దిక్కుకు, దానికి ఎదురువైపు విదిలిస్తే స్పష్టమైన గెంతు, స్క్యూ లేదు, వినికిడి బాగుంది, పట్టుకుంటే నడుస్తున్నాడు, వేరే నరాల లోపం లేదు. అప్పుడది వెస్టిబ్యులర్ న్యూరైటిస్, అంటే లోపలి చెవి నరం వాపు.

పక్షవాతం అనుకోవడానికి ఒక్కటి చాలు. హెడ్ ఇంపల్స్ నార్మల్, లేదా దిక్కు మారే నిస్టాగ్మస్, లేదా స్క్యూ, లేదా కొత్త చెవుడు. ఇక్కడ మెజారిటీ ఓటు చెల్లదు.

గెంతు కనబడిందో లేదో తేల్చుకోలేకపోతే "లేదు" అని రాయండి. అంటే నార్మల్, అంటే పక్షవాతం అనుమానం. అటు పొరబడితే ఒక స్కాన్ ఖర్చు, ఇటు పొరబడితే ప్రాణం.

స్కాన్ ఎంతవరకు నమ్మాలి

మన జిల్లాల్లో సీటీ చాలాచోట్ల దొరుకుతుంది, ఎంఆర్‌ఐ అన్నిచోట్లా దొరకదు. సీటీ రక్తస్రావాన్ని బాగా పడుతుంది, అందుకు తీయాల్సిందే. కానీ నాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతాన్ని, అందులోనూ మొదటి గంటల్లో, తల వెనక భాగంలో చాలావరకు చూపించదు. చుట్టూ ఉన్న మందపాటి ఎముక వల్ల బొమ్మ చెదిరిపోతుంది. "సీటీ నార్మల్, భయం లేదు" అని పేషెంటు తరఫువాళ్ళకు చెప్పే మాట ఈ జబ్బులో చెల్లదు. ఎంఆర్‌ఐ మెరుగే గానీ మొదటి రెండు రోజుల్లో అదీ తప్పొచ్చు. కళ్ళు పక్షవాతం అంటుంటే, తొలిరోజు ఎంఆర్‌ఐ బాగుందంటుంటే, కళ్ళ మాట విని అడ్మిట్ చేసి, రెండు మూడు రోజులు గడిచాక స్కాన్ మళ్ళీ తీయించాలి.

అనుమానం వచ్చాక

మొదలైన సమయాన్ని, అంటే చివరిసారి మామూలుగా ఉన్నదెప్పుడో, గడియారం లెక్కన రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఆ నిర్ణయం స్ట్రోక్ టీమ్‌ది. అది ఉన్న ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి పంపండి. మింగే పరీక్ష అయ్యేదాకా నోటి ద్వారా నీళ్ళు, మాత్రలు ఏవీ వద్దు. బీపీ ఎక్కువగా ఉందని హడావుడిగా దించేయకండి. మెదడుకు ఆ కాస్త రక్తమైనా అందేది ఆ బీపీ వల్లే కావచ్చు. సీటీలో రక్తస్రావం లేదని తేలకుండా ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

చిన్నమెదడు పక్షవాతం మొదటిరోజు తేలిగ్గా కనబడి, తర్వాతి మూడు నాలుగు రోజుల్లో వాచి, పక్కనే ఉన్న బ్రెయిన్‌స్టెమ్‌ను నొక్కేయగలదు. నిన్న కబుర్లు చెప్పిన మనిషి ఇవాళ మగతగా ఉన్నాడంటే నిద్ర సరిపోలేదనుకోకుండా వెంటనే సీటీ తీయించి న్యూరోసర్జన్‌ను పిలవాలి. సమయానికి ఆపరేషన్ జరిగితే వీళ్ళు బాగా కోలుకుంటారు.

చెవి జబ్బని తేలితే వాంతులకు, తిప్పడానికి ఇచ్చే మందులు రెండు మూడు రోజులు మించనీయకండి. స్టెమెటిల్ లాంటివి వారాల తరబడి వాడితే మెదడు కొత్త పరిస్థితికి సర్దుకోవడం ఆలస్యమవుతుంది. లేచి తిరగడం, తల, చూపు కదిపే వ్యాయామాలు వీళ్ళకు అసలైన మందు.

చెయ్యి తిరగాలంటే

మొదటి హెడ్ ఇంపల్స్ పేషెంటు మీద చేయకండి. తోటి డాక్టర్ల మీద, నర్సుల మీద రోజూ నలుగురైదుగురికి చేసి నార్మల్ ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేయండి. వార్డులో న్యూరైటిస్ కేసు ఉందంటే అనుమతి తీసుకుని వెళ్ళి చూడండి. పరీక్షించిన ప్రతి కేసునూ తర్వాతి ఎంఆర్‌ఐతో సరిపోల్చుకుంటే మీ చెయ్యి ఎంత నమ్మదగ్గదో మీకే తెలుస్తుంది.

పేషెంటు ఇంట్లోవాళ్ళకు

ఆగకుండా తల తిరుగుతూ, పట్టుకోకుండా నిలబడలేకపోతుంటే, లేదా దానితోపాటు మాట తేడా, ఒకటి రెండుగా కనబడటం, మింగలేకపోవడం, చెవి వినబడకపోవడం, కొత్తగా తీవ్రమైన తలనొప్పో మెడనొప్పో ఉంటే 108కి ఫోన్ చేయండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. నిమ్మరసం, మజ్జిగ తాగించకండి, పొరబోవచ్చు. గుండెకు మంచిదని విని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయకండి.

అంబులెన్స్ వచ్చేలోపు ఒక పని చేయొచ్చు. పేషెంటు ముఖానికి వెలుతురు పడేలా చూసి, ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టి వీడియో తీయండి. ముందుకు, కుడికి, ఎడమకు చూడమని ఒక్కోవైపు ఐదారు సెకన్లు. ఆస్పత్రికి చేరేసరికి తిప్పడం తగ్గిపోయినా ఆ వీడియో డాక్టర్‌కు పనికొస్తుంది. వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకోండి. చివరిసారి ఎప్పుడు బాగున్నాడో ఆ టైము ఒక కాగితం మీద రాసి, డాక్టర్ అడగకముందే చేతికివ్వండి.